బెజవాడ వైపు

రేకుల మేస్త్రీలంటే నాకు ఒళ్ళు మంట. ఈ మాట దాచుకోవలసిన పనేమీ లేదు, వినుకొండ టీకొట్లో ఎవర్నడిగినా చెబుతారు. నేనూ కప్పులెక్కేవాణ్ణే. ఎక్కేముందు చెప్పులు విడుస్తాను. రేకు మీద మేకులున్న వరస చూసుకుని, కింద దూలం ఉన్నచోటే అడుగు వేస్తాను. నా పని చేసుకుని, ఒకరి వస్తువు ముట్టుకోకుండా దిగుతాను. వాళ్ళు అలా కాదు. కప్పు మీద తమది కానిదేది కనిపించినా విప్పి పక్కన పడేస్తారు. పని అయ్యాక గుర్తుంటే నిలబెడతారు, లేకపోతే వదిలేసి పోతారు. ఒక ఊళ్ళో నా అంటెనాను పెరట్లో గంప మీద మూతగా పెట్టారు. ఎత్తి చూస్తే లోపల కోడిపెట్ట పొదుగుతోంది. అది నన్ను పొడిచింది కూడా.

రెండు వేల మూడులో మా వైపు పల్లెలకు తీగ లేకుండా ఇంటర్నెట్ ఇస్తామని ఒక కంపెనీ వచ్చింది. వినుకొండలో టవరు కట్టారు. ఊరికో సెంటరు పెట్టారు. సెంటరంటే ఏముంది, ఎవరింట్లోనో ముందుగది, అందులో ఒక కంప్యూటరు, గోడకి ఒక పెట్టె, ఇంటి కప్పు మీద ఇనప గొట్టానికి బిగించిన చేటంత అంటెనా. ఆ అంటెనా ముఖం తిన్నగా టవరు వైపు చూస్తుండాలి. బెత్తెడు పక్కకి తిరిగిందంటే కింద పెట్టెలో పచ్చలైటు పోయి ఎర్రలైటు వస్తుంది. ఎర్రలైటు వచ్చిందంటే నాకు ఫోను వస్తుంది. నలభై ఊళ్ళకి ఒకే మోపెడ్డు, ఒకే కరీముల్లా.

ఈ ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. లింకు బాగున్నన్నాళ్ళూ నేనొకణ్ణి బతికున్నానని ఎవరికీ గుర్తుండదు. చెడినరోజు మాత్రం పొద్దున ఏడింటికే మొదలవుతుంది, "అన్నా ఎక్కడున్నావ్, అన్నా ఎప్పుడొస్తావ్" అని. వెళ్ళి పచ్చలైటు తెప్పించగానే అందరూ కంప్యూటరు చుట్టూ చేరతారు, యార్డులో మిరప రేటు ఎంత, పరీక్ష ఫలితాలొచ్చాయా అని. నేను నిచ్చెన దిగి సామాను సర్దుకుని వెళ్ళిపోవడం చూసేవాడుండడు. వినుకొండలో నాదొక గది. నా భార్య నస్రత్ జ్వరంతో పోయి అప్పటికి ఏడేళ్ళు. పిల్లలు లేరు. నా ఫోనుకు ఫిర్యాదు తప్ప మరో మాట వచ్చేది కాదు.

తుమ్మలకుంట సెంటరు ఖుర్షిదాకి ఇచ్చారు. ఆమెకు ముప్పై రెండేళ్ళుంటాయి. భర్త మిరపకాయల లారీ మీద గుంటూరు వెళుతూ, లారీ తిరగబడి పోయాడు. అప్పటినుంచి అత్తగారు మాబూబీతోనే ఉంటోంది. కోడలు పుట్టింటికి వెళ్ళలేదు, అత్త వెళ్ళమనలేదు. ఇద్దరూ ఆ పెంకుటింట్లో బీడీల కట్టలు, సబ్బులు, బిస్కెట్లు అమ్ముకుంటూ ఉండగా ఎవరో చెబితే సెంటరుకు దరఖాస్తు పెట్టుకుంది. పదో తరగతి చదివింది. కంప్యూటరు వారంలో నేర్చుకుంది.

అంటెనా పెట్టాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పైన తిప్పాలి, ఒకరు కింద పెట్టె ముందు నిలబడి లైటు చూసి కేకెయ్యాలి. మిగతా ఊళ్ళలో ఈ కేకలతో నా ప్రాణం తీస్తారు. పచ్చ అంటారు, మళ్ళీ కాదంటారు, మధ్యలో టీ తాగడానికి పోతారు. ఖుర్షిదా మొదటిరోజు కిటికీ దగ్గర నిలబడి, "ఎరుపు... ఎరుపు... ఎరుపేనండీ... ఆపండి, పచ్చ!" అని ఒక్కటే గొంతుతో, తొందర లేకుండా చెప్పింది. ఏడేళ్ళుగా ఒక ఆడమనిషి నా కోసం అంతసేపు మాట్లాడలేదు. నేను పచ్చ దాటించి రెండు వేళ్ళు పక్కకు జరిపాను. "అయ్యో, మళ్ళీ ఎరుపండీ" అంది. మళ్ళీ వెనక్కి తెచ్చాను. సిగ్గుమాలిన పనే. కానీ చేశాను.

దిగాక మాబూబీ చాప వేసి జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టింది. "ఎవరూ లేరా నాయనా నీకు?" అని అడిగింది. లేరన్నాను. ఖుర్షిదా మంచినీళ్ళ చెంబు పెట్టి, "ఇంకో రొట్టె వేసుకోండి కరీముల్లా గారూ" అంది. నలభై ఊళ్ళలో ఆడవాళ్ళందరికీ నేను అన్ననే. ఖుర్షిదా ఆరోజూ ఆ తరవాతా నన్ను ఒక్కసారి కూడా అన్నా అని పిలవలేదు. దారి పొడుగునా నేను ఆలోచించింది ఆ సంగతే.

ఆమెను నికా చేసుకుంటానని అడగాలి. అంతే, నా మనసులో పడిన మాట అదొక్కటే. ఇద్దరం ఒకరిని పోగొట్టుకున్నవాళ్ళమే. మాబూబీని కూడా చూసుకుంటాను, నాకు తల్లి లేదు. ఇందులో తప్పేముంది? తప్పు లేదు, కానీ అడగడానికి ఆ ఇంటికి వెళ్ళాలి. సెంటరు బాగా నడుస్తుంటే ఏ మొహం పెట్టుకుని వెళతాను? ఆడవాళ్ళిద్దరే ఉన్న ఇల్లు. ఊరు చూస్తుంది. మోపెడ్డు ఆగితే ఎందుకాగిందో చెప్పాలి.

మొదటిసారి లింకు పోయింది ఫిబ్రవరిలో. వెళ్ళి చూద్దును కదా, ఇంటికి పెంకులు లేవు. తీసేసి కొత్త సిమెంటు రేకులు వేయించారు. నా గొట్టం కొత్త రేకుల మీద నిటారుగా నిలబడి ఉంది. బిగింపు కూడా గట్టిదే, స్పానరు పెట్టి ఊగాను తప్ప నట్టు కదల్లేదు. అంటెనా మాత్రం టవరుకు వీపు పెట్టి, పొద్దు పొడిచే వైపు, కొంచెం ఎడంగా చూస్తోంది. టవరు పడమర ఉంటే అది ఈశాన్యం చూస్తోంది!

"ఎవడమ్మా ఆ మేస్త్రీ?" అని పైనుంచే అరిచాను.

"వెంకయ్య అనండీ, పక్క ఊరాయనే. విప్పింది విప్పినట్టే పెట్టానని చెప్పి మరీ వెళ్ళాడు" అంది కిందనుంచి.

వెంకయ్యని ఏడు తరాలు తిట్టాను. తిడుతూనే నిదానంగా తిప్పాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు అంటూ ఆమె కేకలేస్తోంది. నిజం చెప్పాలంటే ఆ పూట వెంకయ్యకి మనసులో దండం కూడా పెట్టాను. రొట్టె తిన్నాను, టీ తాగాను. అడగాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. అప్పుడే ఎవరో రైతు వచ్చి పత్తి ఆకు మీద మచ్చల ఫొటో గుంటూరు పంపించాలన్నాడు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. నేను వచ్చేశాను.

రెండోసారి మే నెలలో. గాలిదుమారానికి రెండు రేకులు లేచిపోయాయట, వెంకయ్య వచ్చి కొత్తవి వేశాడు. మళ్ళీ అంటెనా ఈశాన్యానికి! ఈసారి సరిచేసి ఊరుకోలేదు. పక్క ఊళ్ళో వెదికి పట్టుకున్నాను. వెంకయ్య ఒక పశువుల కొట్టం మీద గొంతుక్కూర్చుని రేకుకు బెజ్జం వేస్తున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, బక్కగా, తలకి తువ్వాలు.

"ఏమయ్యా, తుమ్మలకుంటలో అంటెనా ఎవరు తిప్పమన్నారు నిన్ను?" అన్నాను కిందనుంచి.

"తిప్పలేదు బాబూ, విప్పాను. విప్పకుండా రేకెట్టా మారుద్ది? పనైనాక మళ్ళీ నిలబెట్టా."

"ఎటు నిలబెట్టావ్?"

"ఎటేంది? బెజవాడ వైపే."

వెంకయ్యే చెప్పుకుపోయాడు. "టీవీలు కొత్తగా వచ్చినకాడినించీ పెడతన్నా. కోటప్పకొండ ఎడమ శిఖరానికి గురిపెడితే బెజవాడ టీవీ టవరు తగులుద్ది. ఈ చుట్టుపక్కల నేను పెట్టిన ఇంట్లో బొమ్మ చెడిందని ఒక్కళ్ళు చెప్పమను చూద్దాం."

"ఇది టీవీది కాదయ్యా మహానుభావా! దీనికి టవరు వినుకొండలో ఉంది, పడమర! నువ్వు పెట్టిన ప్రతిదీ నేను తిప్పుకు చస్తున్నాను!"

ఆయన సుత్తి కింద పెట్టాడు. "నాకెవరూ చెప్పలా బాబూ. ఒంకరగా పెట్టి పోకూడదని, ఎండలో అరగంట కూర్చుని గురి చూసి మరీ పెట్టా" అన్నాడు. మొహం చిన్నబోయింది. కొట్టం మీద ఎండకు కూర్చుని ఎవరూ అడగని పని అంత శ్రద్ధగా చేసిన మనిషిని ఇంకా ఏం తిట్టను? కానీ నోరు ఊరుకోదు కదా. "ఇంకోసారి ఆ ఇంటి అంటెనా మీద చెయ్యి వేశావో..." అని వేలు చూపించి వచ్చేశాను. వచ్చేటప్పుడు ఆ రెండోసారి కూడా ఖుర్షిదాని అడగలేదన్న సంగతి గుర్తొచ్చి, నన్ను నేను ఇంకా గట్టిగా తిట్టుకున్నాను.

జులైలో ఆఫీసులో పెద్దసారు పిలిచాడు. తుమ్మలకుంట మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి, ఇంకొకటి వస్తే సెంటరు అక్కణ్ణుంచి తీసి వేరే ఊరికిస్తామన్నాడు. కారణం ఏదైనా సరేనన్నాడు. ఆ సెంటరు పోతే ఖుర్షిదా మళ్ళీ బీడీలూ సబ్బులే అమ్ముకోవాలి. దారిలో ఆగి ఆ సంగతి ఆమెకు వాకిట్లోనే నిలబడి చెప్పాను. "ఏమైనా అయితే ఆఫీసుకు చెయ్యకండి, నాకే చెయ్యండి" అని నా నంబరు కాగితం మీద రాసిచ్చాను. ఆమె ఆ కాగితం మడిచి కొంగుకు ముడి వేసుకుంది.

సెప్టెంబరులో ఫోనొచ్చింది. "కరీముల్లా గారూ, ఎర్రలైటు వచ్చిందండీ. ఆఫీసుకు చెప్పలేదు" అంది.

ఆఫీసుకు తెలిస్తే ఏం గతి? ముప్పై కిలోమీటర్లు ఆగకుండా వెళ్ళాను. దారిలో మిరప నారు నాటుతున్నారు, ఆడవాళ్ళు వంగి పాటలు పాడుతున్నారు, నాకేవీ పట్టలేదు. నిచ్చెన వేసి ఎక్కాను. అంటెనా దక్షిణం చూస్తోంది. నట్టు వేళ్ళతో తిప్పితేనే ఊడొచ్చింది. దాని అంచుల మీద పట్టకారు పళ్ళ గాట్లు. సగం బిగించి పోయారు, బుద్ధి లేని మనుషులు, అనుకున్నాను. నా ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీ ఆ వెంకయ్యని ఎక్కించారా?" అని అరిచాను.

కిందనుంచి ఖుర్షిదా, "ఏమోనండీ, రేకు కారుతోందని..." అని ఆగిపోయింది. మాబూబీ దగ్గింది.

"ఏమోనేంటండీ? మీ ఇంటి మీదికి ఎవరెక్కారో మీకు తెలీదా? చెప్పాను కదా, ఇంకొక్కసారైతే సెంటరు తీసేస్తారని! కాస్త కనిపెట్టుకుని ఉండలేరా? నేను ఎన్నిసార్లని పరిగెత్తుకు రాను?"

ఈ మాటలన్నీ నేనే అన్నాను. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి వినేంత గట్టిగా అన్నాను. పచ్చలైటు వచ్చింది. ఈసారి దాటించి వెనక్కి తీసుకురాలేదు, ఆ సరదా కూడా లేదు నాకు. అంతటితో ఆగానా? గొట్టాన్ని కప్పు మీదనుంచే తీసేశాను. గోడకి రెండు పట్టీలు కొట్టి, రేకులతో సంబంధం లేకుండా బయటివైపు నిలబెట్టాను. గొట్టానికి బెజ్జం వేసి, బోల్టు దూర్చి, నట్టు బిగించి, బోల్టు కొసను సుత్తితో కొట్టి చదును చేశాను. మళ్ళీ నట్టు ఊడాలంటే కోయాల్సిందే. పైగా నీలం రంగుతో గుర్తు పెట్టాను. రెండు గంటలు పట్టింది. నా ఉద్యోగం మొత్తంలో అంత మంచి పని నేను చెయ్యలేదు.

దిగి చేతులు తుడుచుకుంటూ, ఎంతో గొప్పగా చెప్పాను. "ఇక దీన్ని ఎవడి తాతా కదల్చలేడు. తుఫానొచ్చినా కదలదు. ఇక నేను మీ ఇంటికి రావాల్సిన పనే ఉండదు."

ఖుర్షిదా టీ గ్లాసు అరుగు మీద పెట్టింది. "మంచిదండీ" అంది. లోపలికి వెళ్ళింది. మాబూబీ నా వైపు అదోలా చూసింది. ఆరోజు కొత్త చీర కట్టుకుని ఉంది ఖుర్షిదా. ఏదైనా పండుగేమో అనుకున్నాను. నిజం, అదే అనుకున్నాను.

తరవాత ఏడు నెలలు తుమ్మలకుంట నుంచి ఫోను లేదు. మిగతా ఊళ్ళు మాత్రం నన్ను వదల్లేదు. రోజూ ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు కప్పు మార్చేవాడు, నేను తిప్పేవాణ్ణి. ఫోను మోగినప్పుడల్లా ఆ ఊరి నంబరేమోనని చూసేవాణ్ణి. కాదు. నా చేతి పని నాకు తెలుసు, అది చెడదు. రంజాన్ వచ్చింది, ఒక్కణ్ణే ఉపవాసం విడిచాను. పండుగ రోజు సేమ్యా తీసుకుని తుమ్మలకుంట వెళదామని మోపెడ్డు తుడిచాను కూడా. ఏమని వెళతాను? తిట్టి వచ్చినవాణ్ణి. పని లేదని నా నోటితో నేనే చెప్పి వచ్చినవాణ్ణి. బక్రీదుకూ అంతే. మనిషికి పౌరుషం ఉండాల్సిన చోట ఉండదు, ఉండకూడని చోట కొండంత ఉంటుంది.

ఏప్రిల్‌లో ఒక ఊళ్ళో నాకోసం వెంకయ్య కాచుకుని కూర్చున్నాడు. కిందటేడు నేను తిట్టినప్పటినుంచీ ఆయన పద్ధతి మార్చుకున్నాడు. కప్పు మీద నా అంటెనా కనబడితే ముట్టుకోకుండా కబురు పెడతాడు, నేను వచ్చి విప్పి, పని అయ్యాక మళ్ళీ పెట్టుకుంటాను. మేస్త్రీలందరిలోకీ మనిషంటూ ఉంటే ఆయనే. ఆ పూట ఇద్దరం కల్లం పక్కన నీడలో కూర్చున్నాం. ఎండబోసిన మిరపకాయల ఘాటుకి ఇద్దరికీ తుమ్ములు.

"ఇంత బుద్ధిమంతుడివి, తుమ్మలకుంటలో మాత్రం మూడోసారి నన్ను ఏడిపించావు గదయ్యా" అన్నాను నవ్వుతూనే.

"మూడోసారేంది? రెండుసార్లే. నువ్వు కోప్పడ్డాక ఆ ఇంటి గడప తొక్కితే ఒట్టు."

"సెప్టెంబరులో దక్షిణానికి తిప్పి పోలేదూ?"

వెంకయ్య బీడీ పక్కన పారేశాడు. "దచ్చినమా?" అన్నాడు. ఆయనకి నిజంగా కోపం వచ్చింది. "నా చేత్తో నేను ఏదన్నా దచ్చినానికి పెడతానా బాబూ? యముడి దిక్కు. మా వాళ్ళలో ఏ మేస్త్రీ అయినా పెడతాడా? నేను తప్పు చేస్తే బెజవాడ వైపే చేస్తా. నట్టు ఎట్టుంది?"

"వదులుగా."

"ఇంకేం. మేస్త్రీ పని కాదది. ఇంట్లోవాళ్ళ పని."

ఇంట్లోవాళ్ళ పని. పట్టకారు గాట్లు. ఆఫీసుకు చెయ్యకుండా నాకు చేసిన ఫోను. కొత్త చీర. ఒక్కొక్కటీ నా కళ్ళముందే ఉన్నవి, నేనే చూసినవి. అంటెనా ఏ దిక్కుకు తిరిగిందో డిగ్రీలతో సహా చెప్పగలవాణ్ణి, అది ఎందుకు తిరిగిందో తెలుసుకోవడానికి ఏడు నెలలు పట్టింది నాకు. వెంకయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను మోపెడ్డు తీశాను.

ఆరోజు శుక్రవారం. తుమ్మలకుంట చేరేసరికి మూడున్నర. దారంతా ఒకే మాట కంఠస్థం చేశాను. అడుగుతాను, వాకిట్లో నిలబడే అడుగుతాను, ఊరంతా వింటే విననీ. అంటెనా దూరంనుంచే కనిపించింది. ఒక్క వేలు కూడా కదల్లేదు.

కంప్యూటరు ముందు వేరే అమ్మాయి కూర్చుని ఉంది, పక్కింటి శ్రీరమ్య. మాబూబీ అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కరీముల్లావా? రా నాయనా. ఇప్పుడేం చెడిందని వచ్చావు?"

"ఏమీ చెడలేదు పెద్దమ్మా. ఖుర్షిదా గారు లేరా?"

మాబూబీ చేట పక్కన పెట్టింది. ఆమె చెప్పినదంతా నేను నిలబడే విన్నాను. బక్రీదు అయిన పది రోజులకు ఖుర్షిదాకి నికా చేసింది. వరుడు వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో పని చేస్తాడు, జాన్ బాషా అని, మంచివాడే. ఇద్దరు పిల్లలు, తల్లి లేదు వాళ్ళకి. మాబూబీయే ముందు నిలబడి చేసింది. కోడలు వద్దు వద్దని ఏడ్చిందట. ఎన్నాళ్ళిలా ఉంటావు, నేను పోతే నీకెవరున్నారని అత్తే ఒప్పించిందట.

"నువ్వు అడుగుతావనుకున్నాం నాయనా" అంది మాబూబీ. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆడపిల్లవాళ్ళం, మేమెట్టా అడుగుతాం? పనుంటే తప్ప రావాయె. దానికోసమే ఆరోజు అది పైకెక్కింది. నిచ్చెన పట్టుకుంది నేనే."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

"నేను తిట్టాను పెద్దమ్మా" అన్నాను.

"తిట్టావు. నువ్వు పోయినాక అది కూర్చుని నవ్వింది ముందు. సెంటరు పోతుందని ఎంత భయపడ్డాడో చూశావా అత్తమ్మా, అంది. తరవాత గోడ మీద నువ్వు కొట్టిన ఆ గొట్టం చూసి ఏడ్చింది. ఇక ఊడదు గదా అత్తమ్మా, అంది."

కంఠస్థం చేసిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఎండ ఇంకా దిగలేదు. మాబూబీ లోపలికి వెళ్ళి రొట్టె తెచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. రొట్టె ఒక్కటే ఉంది, చెరిసగం చేసి పెట్టింది. వద్దనలేక తిన్నాను.

నాలుగవుతుండగా శ్రీరమ్య లోపల్నుంచి, "మామ్మా, రా, ఖుర్షిదా వదిన వచ్చే టైమైంది" అని పిలిచింది.

"ప్రతి శుక్రవారం నాలుగింటికి కనిపిస్తుంది" అంది మాబూబీ లేస్తూ. "వేటపాలెంలో ఎవరిదో సెంటరుందట. దీంట్లో మొహం కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. నాకు వారమంతా ఆ పావుగంటే. ఉండు, చూసి పో."

నేను వెళ్ళిపోవాల్సింది. కాళ్ళు వెళ్ళలేదు. మాబూబీ వెనక ఆ ముందుగదిలోకి వెళ్ళాను, ఏడాదిన్నర కింద నేను బిగించిన పెట్టె, నేను లాగిన వైరు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కంప్యూటరు మీద చిన్న కన్నులాంటి కెమెరా. అది ఎంతవరకు చూస్తుందో నాకు తెలుసు, నేనే పెట్టాను. దానికి అందని మూల ఒకటుంది, తలుపు పక్కన. అక్కడ నిలబడ్డాను.

బొమ్మ వచ్చింది. నేను వెనకనుంచి పక్కగా చూస్తున్నాను, అగ్గిపెట్టె అంత బొమ్మ. ఖుర్షిదా తల మీద కొంగు సర్దుకుని ముందుకు వంగింది. ఒళ్ళో ఒక చిన్నపిల్ల ఉంది.

"అత్తమ్మా, కనిపిస్తున్నానా? మందులు వేసుకుంటున్నావా? దగ్గు తగ్గిందా?"

అదే గొంతు. తొందర లేకుండా, ఒకటే తీరుగా. మాబూబీ తగ్గిందంది. ఆ పిల్ల పేరేదో చెప్పించింది. పిల్ల సిగ్గుపడి మొహం దాచుకుంది. ఇద్దరూ నవ్వారు. జీడిపప్పు కంపెనీ కబుర్లు, మిరప కోతల కబుర్లు చెప్పుకున్నారు. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

కబుర్లయ్యాక ఖుర్షిదా అడిగింది, "లింకు బాగుంటోందా అత్తమ్మా? ఎప్పుడైనా పోతోందా?"

మాబూబీ నా వైపు తిరగలేదు. తెర వైపే చూస్తూ చెప్పింది. "లేదమ్మా. అప్పటినుంచి ఒక్కసారి కూడా పోలేదు."

"గట్టిగా బిగించారు" అంది ఖుర్షిదా. పిల్ల జుట్టు సరిచేస్తూ కూర్చుంది.

ఆ పావుగంటా నేను గోడ మీద పెట్టె చూస్తూ నిలబడ్డాను. వేరే ఊళ్ళలోనైతే ఈపాటికి నాలుగుసార్లు తెగేది, బొమ్మ ఆగిపోయేది, ఎవరో ఒకరు నా పేరు పెట్టి కేకలేసేవారు. ఇక్కడ పచ్చలైటు ఒక్కసారి కూడా ఆరలేదు.